శాలివాటికా, శల్యపేటికా?

భట్టిప్రోలు శాసనాలు తెలుగు లిపి పరిణామంలో తొలి పాఠాలలో ఒకటి. ఏటేటా ఆ అక్షరాల వంపులను నల్లబల్ల మీద వ్రాసి విద్యార్థులకు చూపుతూనే వున్నాను. కాని ఆ అక్షరాలు దేనిమీద చెక్కినవి? ధాతుపేటికల మీద. మహనీయుడొకని అస్థికలను వుంచదగిన పాత్ర ఏదని నాటి మనుష్యులు ఆలోచించి, ఎన్నుకొని, ధనం వెచ్చించి చేయించిన వస్తువుల మీద. మనం లిపిని చదివాం, పాత్రను చదవలేదు.

1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించినప్పుడు మూడు రాతిపేటికలు, వాటిలో స్ఫటికపు భరిణెలు దొరికాయి. కుర అనే వ్యక్తి, అతని తల్లిదండ్రులు కలిసి బుద్ధధాతువు కోసం పేటికను, స్ఫటికపు భరిణెను చేయించారని ఒక శాసనం చెబుతున్నది. నిగమ సభ్యుల పేర్లున్నాయి. కుబిరక రాజు పేరున్నది. ఆ స్ఫటికాన్ని తొలిచి నునుపు చేయడానికి ఎన్ని దినాలు పట్టిందో, ఆ దినాలలో పనివాడు ఏ గింజలు తిన్నాడో శాసనం చెప్పదు. చెప్పవలసిన అవసరం దానికి లేదు. అడగవలసిన అవసరం మనకున్నది.

ఈ ప్రశ్నకు మా శ్రీకాకుళం జిల్లాలోనే ఒక వూరి పేరు దారి చూపుతున్నది. కళింగపట్నం దాపున, వంశధార దక్షిణపుటొడ్డున శాలిహుండం కొండ వున్నది. అక్కడి బౌద్ధక్షేత్రాన్ని 1919లో లోకం దృష్టికి తెచ్చినవారు మన వ్యవహారభాషోద్యమ పితామహుడు గిడుగు రామమూర్తిగారే. తరువాతి తవ్వకాలలో స్తూపాలు, విగ్రహాలు, ధాతుపేటికలు బయటపడ్డాయి. ఆ వూరి పేరుకు రెండు మూలాలు చెబుతారు. శాలివాటిక అన్నారు కొందరు. అంటే వడ్లు నిలవచేసే చోటు. శల్యపేటిక అన్నారు మరికొందరు. అంటే ఎముకల పెట్టె. రెండింటిలో ఏది సాధువో భాషాశాస్త్రజ్ఞులు తేల్చుకోవచ్చు. చరిత్ర విద్యార్థికి మాత్రం రెండూ కలిసే అర్థమవుతాయి. వడ్లకొట్టు నిండనిదే ఎముకలకు స్ఫటికపు పెట్టె రాదు. వంశధార పొలాల్లో మిగిలిన ధాన్యం, రేవులో సాగిన వర్తకం, ఈ రెండే కొండమీద యిటుకలై లేచాయి. బౌద్ధం బోధించిన కరుణను తక్కువచేసి ఈ మాట అనడం లేదు. కరుణకు కూడా కూలీ ఎవరో ఒకరు చెల్లించారని మాత్రమే అంటున్నాను.

స్ఫటికాన్ని వెలికితీసిన ఆ రేగారే 1899 మొదలు కొన్నేళ్ళు తమిళదేశంలో ఆదిచ్చనల్లూరు శ్మశానభూమిని తవ్వించాడు. అక్కడ దొరికినవి మట్టిబానలు, వాటిలో మనుష్యుల ఎముకలు. స్ఫటికం నిగమంలోని ధనికులది, మట్టి అందరిది. మట్టిపాత్రే పాతది, మట్టిపాత్రే నేటికీ మిగిలింది.

నిరుడు అరసవల్లిలో మా అమ్మ పోయినప్పుడు ఈ ప్రశ్న పుస్తకంలోంచి ఇంటి వాకిట్లోకి వచ్చింది. అస్థిసంచయనానికి ముందు బంధువులలో ఒక చిన్న వివాదం. పట్నంలో వుద్యోగం చేసే చిన్నాన్న రాగిబిందె కొందామన్నాడు, నలుగురూ చూస్తారన్నాడు. పిన్ని వినలేదు, కొత్తకుండే కావాలన్నది. కుమ్మరి యింటికి నేను వెళ్ళాను. వున్నవాటిలో మంచి కుండ ఏదని అడిగితే, "పగిలిపోయేదానికి ఏ కుండయితే ఏటి బాబూ!" అన్నాడు. గొంతులో వ్యంగ్యం లేదు. అయినా వేళ్ళతో కొట్టి మోగించి, బీటలేనిదాన్ని ఏరి యిచ్చాడు. తెల్లగుడ్డ వాసెన కట్టిన ఆ కుండను శ్రీకూర్మం తీసుకుపోయాం. అక్కడి శ్వేతపుష్కరిణిలో కలిపిన అస్థికలు కాలక్రమాన కూర్మశిలలవుతాయని మా ప్రాంతంలో నమ్మకం. అమ్మకు ఆ నమ్మకం వుండేది, నాకు లేదు. కుండ ఆమె కోసం గనుక ఆమె కోరిన నీటికే వెళ్ళింది.

దహనం అందరి ఆచారమూ కాదు. కట్టెలు కొనలేని శ్రామికకులాలు చాలావరకు ఖననమే చేసుకున్నాయి. వారికి కుండ ప్రసక్తే లేదు. వూరికొక శ్మశానం చాలక కులానికొకటి ఏర్పడిన దేశం మనది. పాత్రల తారతమ్యం దానికి కొసరు.

పాత్ర ఆస్తి కూడా కాగలదు. 1948 ఫిబ్రవరి 12న గాంధీజీ అస్థికలను ప్రయాగ సంగమంలో కలిపారు. దేశమంతటా పంచిన భాగాలలో ఒకటి మాత్రం కటక్‌లో ఒక బ్యాంకు భద్రపేటికలో వుండిపోయింది. కోర్టు అనుమతితో అది 1997 జనవరి 30న అదే సంగమానికి చేరింది. సొంత ఆస్తి లేకుండా బ్రతికినవాని బూడిద సుమారు అర్ధశతాబ్దం ఖజానాలో వున్నది!

నెహ్రూ 1954లో వ్రాసిన వీలునామాలో మరొక దారి కనబడుతుంది. పిడికెడు బూడిద గంగలో కలిపి, మిగిలినదాన్ని రైతులు శ్రమించే పొలాలమీద విమానంనుంచి చల్లమని కోరాడు. 1964లో అలాగే చేశారు. ఆయన రాజకీయాలతో మనకెన్ని పేచీలున్నా, ఆ కోరికలో పాత్రకన్న పొలం ముందున్నదని ఒప్పుకోవాలి.

ధాతుపేటికలను ప్రదర్శనశాలల అద్దాల వెనుక చూసే విద్యార్థులను నేను కోరేది ఒక్కటే. స్ఫటికపు అందాన్ని మెచ్చుకోండి. అది మానవహస్తం సాధించిన విజయం. వెంటనే దాని వెనుక వున్న వడ్లకొట్టును వెతకండి. మా శాలిహుండం పేరులో రెండూ పక్కపక్కనే వున్నాయి. ఎముకల పెట్టెను తవ్వి తీశారు. వడ్లు పండించినవారి చరిత్రను తవ్వే పని యింకా మిగిలివున్నది.