సాక్ష్యం లేకపోవడమే సాక్ష్యం

1942 ఫిబ్రవరి 14న అమెరికా పశ్చిమ తీర రక్షణ బాధ్యుడు జనరల్ జాన్ డెవిట్ యుద్ధశాఖకు ఒక సిఫారసు పంపాడు. జపాన్ మూలాలున్న వాళ్లందరినీ తీరం నుంచి తరలించాలన్నది దాని సారం. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి అప్పటికి రెండు నెలలు దాటింది. తీరంలో వాళ్లు ఒక్క విద్రోహ చర్యకూ పాల్పడలేదని డెవిట్‌కు తెలుసు. ఇంతవరకూ ఏమీ జరగకపోవడమే ఇకముందు జరగబోతోందనడానికి కలవరపెట్టే సూచన అని అందులో రాశాడు.

యుద్ధం వచ్చినప్పుడల్లా అమెరికా నాయకులు ఎవరో ఒకరి మీద ద్రోహులన్న ముద్ర వేస్తూ వచ్చారు. 1798లో ఫ్రాన్స్‌తో యుద్ధ భయం పట్టుకున్న పాలక పక్షం ఫెడరలిస్టులు విదేశీయులను నిర్బంధించే, వెళ్లగొట్టే చట్టాలు చేశారు. ఫ్రెంచి, ఐరిష్ వలసదారులు ఎక్కువగా తమ ప్రత్యర్థి జెఫర్సన్ పక్షాన ఉండటం కూడా ఫెడరలిస్టుల కోపానికి కారణమే. అంతర్యుద్ధంలో, 1862 డిసెంబరులో, పత్తి దొంగ వ్యాపారం నెపంతో జనరల్ గ్రాంట్ తన సైనిక మండలం నుంచి యూదులందరినీ వెళ్లిపొమ్మన్నాడు. కొద్ది వారాల్లోనే లింకన్ ఆ ఉత్తర్వును రద్దు చేయించాడు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఈ నింద ఉపన్యాస వేదికలకెక్కింది. 1915 అక్టోబరులో మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ న్యూయార్క్‌లో మాట్లాడుతూ, ‘జర్మన్-అమెరికన్’ అన్నట్టు హైఫన్ పెట్టుకున్న అమెరికన్లకు ఈ దేశంలో చోటు లేదన్నాడు. డిసెంబరులో అధ్యక్షుడు విల్సన్ పరాయి జెండాల కింద పుట్టినవాళ్లలో కొందరు జాతి రక్తనాళాల్లోకి ద్రోహమనే విషం ఎక్కిస్తున్నారని కాంగ్రెస్‌లోనే అన్నాడు. పెద్దల మాట వీధికి చేరడానికి ఎంతోకాలం పట్టలేదు. 1918 ఏప్రిల్‌లో ఇలినాయ్ రాష్ట్రం కాలిన్స్‌విల్‌లో ఒక జర్మన్ గనికార్మికుణ్ని మూక చెట్టుకు ఉరితీసింది. నిందితులను జ్యూరీ నిర్దోషులంది. మరుసటి నెలలో అయోవా గవర్నర్ బడిలో, చర్చిలో, చివరికి టెలిఫోన్‌లో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడొద్దన్నాడు.

అయినా జర్మన్ మూలాల వాళ్లు పేరు మార్చుకొని, భాష వదులుకొని తప్పించుకోగలిగారు. జపాన్ మూలాల వాళ్లకు ఆ దారీ లేదు, ఎందుకంటే నేరం వాళ్ల ముఖంలోనే ఉందన్నారు. ఏమీ జరగకపోవడమే సూచన అన్న మాట డెవిట్ ఒక్కడే అని ఉంటే సైనికుడి మొరటుదనం అనుకోవచ్చు. ఆ కాలపు అత్యంత గౌరవనీయుడైన వ్యాఖ్యాత వాల్టర్ లిప్‌మన్ అదే నెలలో అదే తర్కం రాశాడు. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఎర్ల్ వారెన్ కాంగ్రెస్ సంఘం ముందు అదే చెప్పాడు. ఈ వారెనే తర్వాత ప్రధాన న్యాయమూర్తిగా నల్లవారి పిల్లలకు తెల్లవారి బడి తలుపులు తెరిచిన తీర్పు ఇచ్చాడు. చదువుకున్నవాళ్లు, ఉదారవాదులు ఈ నిందను మోసినందుకే దానికి అంత బలం వచ్చిందని నా అభిప్రాయం.

స్వార్థం కూడా తోడైంది. జపనీయులను పంపించేయాలనడంలో తమ లాభం ఉందని సాలినాస్ కూరగాయల సాగుదారుల సంఘం ప్రతినిధి ఒక వారపత్రికతో దాచకుండా చెప్పాడు. ఈ జనం విధేయులేనని యుద్ధానికి ముందే ప్రభుత్వ పరిశీలకుడు మన్సన్ ఇచ్చిన నివేదిక పక్కకు పోయింది. జపాన్ మూలాల వాళ్లు జనాభాలో మూడోవంతుకు పైగా ఉన్న హవాయిలో, అసలు దాడి జరిగిన చోట, మూకుమ్మడి తరలింపు జరగలేదు. వాళ్లు లేకపోతే అక్కడ పనులు సాగవు మరి.

1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తరలింపుకు వీలిచ్చే 9066వ ఉత్తర్వు మీద సంతకం చేశాడు. దాదాపు 1,20,000 మంది చేతుల్లో మోసుకెళ్లగలిగినంత సామానుతో శిబిరాలకు వెళ్లారు. వాళ్లలో మూడింట రెండొంతులు అమెరికా పౌరులే. ముళ్లకంచె వెనక ఉన్నవాళ్లను 1943లో ఇలా అడిగారు: జపాన్ చక్రవర్తి పట్ల విధేయత వదులుకుంటారా? అవునంటే ఇంతకాలం ఆ విధేయత ఉందని ఒప్పుకున్నట్టు, కాదంటే ద్రోహి. అదే శిబిరాల నుంచి వెళ్లిన యువకులు అమెరికా సైన్యపు 442వ రెజిమెంట్‌లో చేరి ఐరోపాలో ప్రాణాలిచ్చారు. 1944 డిసెంబరులో, తరలింపును ధిక్కరించిన కోరెమాట్సు కేసులో సుప్రీంకోర్టు 6–3తో ప్రభుత్వాన్నే సమర్థించింది. ప్రభుత్వం న్యాయస్థానం ముందు సాక్ష్యాలు దాచిందని తేలాక, 1983లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టు కోరెమాట్సు శిక్షను రద్దు చేసింది. 1988లో అధ్యక్షుడు రేగన్ క్షమాపణతో పాటు బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్ల పరిహార చట్టం మీద సంతకం చేశాడు.

2001 సెప్టెంబరు దాడుల తర్వాత వారం తిరగకముందే అధ్యక్షుడు బుష్ వాషింగ్టన్‌లోని మసీదుకు వెళ్లాడు. అది మెచ్చుకోవాల్సిన పని. కానీ మరుసటి ఏడాది ఆయన ప్రభుత్వమే 25 దేశాల మగవాళ్లను పేర్లు నమోదు చేయించుకోమంది. వాటిలో ఉత్తర కొరియా తప్ప దాదాపు అన్నీ ముస్లిములు అధికంగా ఉన్న దేశాలే. 80,000 మందికి పైగా వరుసల్లో నిలబడితే ఉగ్రవాద నేరం రుజువైనవాడు ఒక్కడూ లేడు. 2015లో అధ్యక్ష అభ్యర్థిత్వం కోరిన బెన్ కార్సన్, అబద్ధమాడటానికి ముస్లిముల మతమే అనుమతిస్తుందన్నాడు. అంటే ముస్లిము విధేయత ప్రకటించినా నమ్మనక్కర్లేదన్నమాట. డెవిట్ తర్కమే ఇది. 2017లో కాన్సస్‌లోని ఓలేతలో మన హైదరాబాదు ఇంజినీరును కాల్చి చంపినవాడు ఇరానీయుణ్ని కాల్చాననుకున్నాడు.

1798 చట్టాల్లో మిగతావి ఏనాడో పోయాయి. శత్రుదేశ పౌరుల చట్టం మాత్రం ఇప్పటికీ అమల్లో ఉంది. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ వెనెజులా వలసదారుల మీద దాన్నే ప్రయోగించాడు. ముఠా సభ్యులన్న నింద మోపి, విచారణ లేకుండానే విమానాలెక్కించి, వాళ్లను ఎల్ సాల్వడార్ జైలుకు పంపారు.