కాంపౌండరు నుంచి ఫార్మసిస్టు దాకా

బాలాపూర్‌లో గానీ శంషాబాద్‌లో గానీ మెడికల్ షాపు తెరిచే వ్యక్తి రెండు చట్టాలకు లోబడాలి. షాపుకు లైసెన్సు 1940 నాటి ఔషధ చట్టం కింద వస్తుంది. ఆ షాపులో మందు చేతికిచ్చే మనిషి అర్హతను 1948 నాటి ఫార్మసీ చట్టం నిర్ణయిస్తుంది. ప్రభుత్వం మందును ముందు అదుపు చేసింది, మనిషి సంగతి తర్వాత చూసింది. ఆ ఆలస్యానికి మూల్యం కొనేవారే చెల్లించారు.

నిజాం కాలంలో బాలాపూర్ హైదరాబాద్‌కు దక్షిణాన ఒక పల్లె. అప్పట్లో హకీము గానీ, నాటు వైద్యుడు గానీ నాడి చూసి తానే మందు ఇచ్చేవాడు. రాసేవాడు ఒకడు, ఇచ్చేవాడు మరొకడు అనే విభజన ఇంగ్లిషు వైద్యంతో వచ్చింది. 1846లో హైదరాబాద్‌లో వైద్య పాఠశాల మొదలైంది. దవాఖానాలు పెరిగినకొద్దీ కాంపౌండరు అవసరమూ పెరిగింది. డాక్టరు చీటీ రాస్తే పొడులు తూచి పొట్లాలు కట్టడం, మిక్చరు కలపడం, సీసాకు మోతాదు గుర్తులున్న కాగితం అంటించడం అతని పని. చాలామంది ఆ పనిని చేస్తూ నేర్చుకున్నవాళ్లే. తూకంలో పొరపాటు జరిగితే బాధ్యుడెవరో తేల్చే ప్రత్యేక చట్టం బ్రిటిష్ ఇండియాలోనూ లేదు.

అక్కడ కదలిక తెచ్చింది కల్తీ మందులు, ముఖ్యంగా నాసిరకం క్వినైన్. మలేరియాతో జనం చనిపోతున్న రోజుల్లో క్వినైన్‌లో కల్తీ అంటే ప్రాణాలు తీయడమే. 1930లో కల్నల్ రామనాథ్ చోప్రా అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. మందుల నాణ్యతకు చట్టం, మందులు ఇచ్చేవారి వృత్తికి చట్టం రెండూ కావాలంది. మొదటిది 1940లో, దాని నియమాలు 1945లో వచ్చాయి. రెండోదానికి దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ కూడా గట్టిగా చెప్పవలసి వచ్చింది. ఫార్మసీ చట్టం 1948 మార్చి 4న అమలులోకి వచ్చింది. హైదరాబాద్ సంస్థానం అదే ఏడాది సెప్టెంబరులో భారతదేశంలో కలిసింది. ఆ తర్వాత ఈ చట్టాలు ఇక్కడికీ విస్తరించాయి.

కొత్త చట్టం పాత కాంపౌండర్లను వీధిన పడేయలేదు. చీటీల మీద మందులు కలిపి ఇవ్వడంలో కనీసం 5 ఏళ్ల అనుభవం ఉన్నవారికి మొదటి రిజిస్టరులో చోటిచ్చింది. చదువుకున్న ఫార్మసిస్టులు చాలినంతమంది లేని దేశంలో అది న్యాయమైన ఏర్పాటే. ఔషధ నియమాలు కూడా అనుభవజ్ఞులను అర్హులుగా గుర్తించాయి గానీ ఆ తలుపు 1969 డిసెంబరు 31తో మూసుకుంది. తర్వాతి తరానికి దారి డి.ఫార్మసీ, బి.ఫార్మసీ చదువులే.

అయితే అసలు కీలకం ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షను. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు తప్ప మరెవరూ డాక్టరు చీటీ మీద మందు కలిపి ఇవ్వరాదని అది చెబుతుంది. తన రోగులకు తానే మందిచ్చే డాక్టరుకు మినహాయింపు ఉంది. అమలు తేదీని రాష్ట్రాలకు వదిలేయడంతో ఏళ్లు గడిచాయి. చివరికి 1976 సవరణ, తేదీ ప్రకటించని రాష్ట్రాలకు గడువు పెట్టింది. అది 1984లో ముగిసింది. చట్టం పుట్టిన 36 ఏళ్లకు గానీ ఈ సెక్షను దాదాపు దేశమంతటా పనిచేయలేదు.

ఔషధ నియమాల ప్రకారం రిటైల్ షాపుకు కనీసం 10 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. యజమాని ఫార్మసిస్టే కానక్కర్లేదు, ఒకరిని నియమించుకోవచ్చు. కౌంటరు దగ్గరి సహాయకుడు అరలోంచి మందు తీసి ఇవ్వొచ్చు, కానీ చీటీ మందు అయితే అది ఫార్మసిస్టు కళ్లెదుట జరగాలి. చీటీలో ఉన్న మందుకు బదులు మరొకటి అంటగట్టే అధికారం ఫార్మసిస్టుకు కూడా లేదు. హోల్‌సేల్ షాపులో మాత్రం తగిన అనుభవం ఉన్న పట్టభద్రుడు బాధ్యుడిగా ఉంటే సరిపోతుంది. వీటిని తనిఖీ చేసే డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్లు తెలంగాణలో ఔషధ నియంత్రణ విభాగం కింద పనిచేస్తారు. ఫార్మసిస్టుల రిజిస్టరు రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ దగ్గర ఉంటుంది.

ఈ చట్రంలోకి రాని మందులూ ఉన్నాయి. యునానీ, ఆయుర్వేద మందుల తయారీకి లైసెన్సు కావాలి, అమ్మకానికి అక్కర్లేదు. 1920లో హైదరాబాద్‌లో పుట్టిన యునానీ మందు జిందా తిలిస్మాత్ కిరాణా కొట్లలో దొరకడానికి కారణం అదే. వెయ్యి మందికి మించని పల్లెల్లో కొన్ని సాధారణ మాత్రలకూ సడలింపు ఉంది. నగరంలో కలిసిపోయిన బాలాపూర్ ఆ దశను ఎప్పుడో దాటింది.

2014 మార్చి నుంచి హెచ్1 జాబితా మందులకు ప్రత్యేక రిజిస్టరు తప్పనిసరి అయింది. ఎక్కువగా యాంటీబయాటిక్స్, క్షయ మందులు ఉన్న ఆ జాబితాలోవి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, పరిమాణం రాసి 3 ఏళ్లు దాచాలి. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి మందు వాడే తీరు వివరించడాన్నీ ఫార్మసిస్టు విధిగా గుర్తించాయి. ఇంత రాసినా సర్టిఫికెట్టు అద్దెకిచ్చి షాపు ముఖం చూడని ఫార్మసిస్టులు ఉన్నారు. ఈ వృత్తికి అంతకన్నా పెద్ద ద్రోహం లేదు. లైసెన్సును జనానికి కనబడేచోట తగిలించాలని, దాని మీద బాధ్యుడైన ఫార్మసిస్టు పేరు ఉండాలని నియమం. ఆ మనిషి మారితే నెలలోపు అధికారులకు తెలపాలి. ఫార్మసిస్టు లేని వేళ చీటీ మందు అమ్మడం చట్టవిరుద్ధం.