ఊరు కాని ఊరు: నాగార్జునసాగర్ హిల్‌కాలనీ పిల్లలు

తెలుగువాళ్ళు ఇద్దరు కొత్తగా కలిస్తే వచ్చే మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?" అని. మన సంఘం ఉగాది విందులో వడ్డన మొదలయ్యేలోగా ఈ ప్రశ్న పది చోట్లయినా వినిపిస్తుంది. తెనాలి, జగిత్యాల, అనకాపల్లి, ప్రొద్దుటూరు అని జవాబులు టక్కున వస్తాయి. కొందరు మాత్రం ఒక్క క్షణం తటపటాయిస్తారు. వాళ్ళు ప్రాజెక్టు కాలనీల పిల్లలు. నాన్నగారి ఊరు ఒకటి, పుట్టింది అమ్మమ్మగారింట్లో, పెరిగింది ఓ ఆనకట్ట పక్కన. నేనూ ఆ కోవకే చెందినవాణ్ణి. నాగార్జునసాగర్ ఆనకట్ట గురించి ఇంజనీర్లు రాశారు, చరిత్రకారులు రాశారు, రాజకీయులు ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నారు. దాని పక్కన పదీ పదిహేనేళ్ళు కాపురాలు సాగిన వీధుల కథ మాత్రం ఆ వీధుల్లో ఆడుకున్నవాళ్ళ దగ్గరే ఉండిపోయింది. వాళ్ళకిప్పుడు డెబ్బై దరిదాపుల్లో ఉంటాయి.

ముందు కొంచెం చరిత్ర. కృష్ణ మీద నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలన్న ఆలోచన పాతదే. దానికోసం ముక్త్యాల రాజాగారు పట్టుదలగా తిరిగారు. 1952లో ఖోస్లా కమిటీ వచ్చి ఈ స్థలాన్ని చూసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. మన పిల్లలకు చెప్పవలసిన విషయం ఒకటుంది. ఆ రోజుకి ఆంధ్రప్రదేశ్ ఇంకా పుట్టలేదు. నదికి ఎడమ ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం, కుడి ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం. రెండు రాష్ట్రాలు ఉమ్మడిగా తలపెట్టిన పని అది. పదకొండు నెలలు తిరక్కుండానే, 1956 నవంబరు 1న, రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి.

ఆ ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతితో కట్టారు. సిమెంటుకీ, విదేశీ యంత్రాలకీ డబ్బు లేని రోజులు. రాయికి కొదవ లేదు, పనికోసం ఎదురుచూసే చేతులకీ కొదవ లేదు. 124 మీటర్ల ఎత్తున, సుమారు కిలోమీటరున్నర పొడవున రాతి కట్టడం లేచింది. ప్రపంచంలోని రాతి ఆనకట్టలన్నిటిలోకీ పెద్దదని దానికి పేరు. పాలమూరు జిల్లా నుంచి కూలి జనం కుటుంబాలతో సహా తరలివచ్చారు. నలుగురేసి మనుషులు దుంగకు కట్టిన బండరాయిని భుజాల మీద మోసుకుంటూ పరంజా మెట్లు ఎక్కడం, ఆడవాళ్ళు గార తట్టలు నెత్తిన పెట్టుకుని వరుసగా నడవడం మా అందరి కళ్ళలోనూ ఉంది. మిగతా జ్ఞాపకాల్లో ఎన్ని తేడాలున్నా ఈ దృశ్యం విషయంలో ఎవరికీ పేచీ లేదు.

ఉద్యోగుల కోసం ఎడమ ఒడ్డున గుట్ట మీద హిల్‌కాలనీ, దాని దిగువన శంకుస్థాపన స్తంభం ఉన్నచోట పైలాన్ కాలనీ, అవతలి ఒడ్డున విజయపురి సౌత్ వెలిశాయి. విజయపురి అన్నది ఇక్ష్వాకు రాజుల రాజధాని పేరు. ఆ రాజధాని ఉన్న నాగార్జునకొండ లోయ జలాశయంలో మునగబోతున్నదని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. దొరికిన శిల్పాలను కొండ మీదికి చేర్చారు, 1966లో అక్కడ మ్యూజియం తెరిచారు. మునిగినవి ఇక్ష్వాకుల విహారాలే కావు. ఆ లోయలోని పుల్లారెడ్డిగూడెంలో 1950ల దాకా మనుషులు కాపురాలు చేశారు. శిల్పాలకు కొండ దొరికింది, ఆ మనుషులకు మాత్రం చెదిరిపోవడమే దొరికింది.

మా వీధి సంగతికొస్తాను. హోదాను బట్టి క్వార్టర్లు. తుంగభద్ర పని పూర్తయి వచ్చినవాళ్ళు, గుంటూరు, కృష్ణా జిల్లాలవాళ్ళు, నల్లగొండ, హైదరాబాదులవాళ్ళు, రాయలసీమవాళ్ళు పక్కపక్క వాటాల్లో. పెద్దవాళ్ళు మొదట్లో ఒకరి మాటను మరొకరు వింతగా విన్నారేమోగాని, మాకు ఆ తీరిక లేదు. ఒకే ఆటను మా వీధిలో ఒకడు బిళ్ళంగోడు అనేవాడు, ఒకడు చిర్రగోనె అనేవాడు, కర్నూలు కుర్రాడు చిల్లాకట్టె అనేవాడు. చివరికి ఏ రోజు ఎవడి కర్రతో ఆడితే ఆ రోజు వాడి పేరు చెల్లేది. రాష్ట్రం ఏర్పాటు గురించి ఎన్నో పుస్తకాలు చదివాను గాని, ఇంతకంటే సుళువైన ఒప్పందం నాకెక్కడా కనబడలేదు!

1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు పెట్టారు. దేశానికి అది పండుగ. మా వీధికి అది వీడ్కోళ్ళ మొదలు. 26 క్రెస్టు గేట్ల పని 1974 దాకా సాగింది గనుక కొందరు నిలిచారు. తక్కినవాళ్ళు శ్రీశైలానికీ, పోచంపాడుకీ బదిలీలయ్యారు. లారీలో మంచాలు, ట్రంకు పెట్టెలు ఎక్కించేవారు, వారం తిరక్కుండా ఆ ఇంట్లో కొత్తవాళ్ళు దిగేవారు. సొంత ఊరున్నవాడి చిరునామా ఎప్పుడూ ఊళ్ళోనే ఉంటుంది. మా చిరునామా క్వార్టరు నంబరు. నంబరు మారితే మనిషి దొరకడు.

దొరకడానికి నలభై ఏళ్ళు పైగా పట్టింది. ఇక్కడే, అమెరికాలోనే, ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర వెనక బల్ల మీద ఎవరో "హిల్‌కాలనీ" అన్నారు. తిరిగి చూస్తే మా వెనక వాటా అబ్బాయి, ఇప్పుడు తాతగారు. అతనికి ఇద్దరి ఫోను నంబర్లు తెలుసు, వాళ్ళకు మరో నలుగురివి. ఏడాదిలో ముప్పయి మందిమి అయ్యాం. 2018 డిసెంబరులో హైదరాబాదులో కలిసి, బస్సు మాట్లాడుకుని సాగర్ వెళ్ళాం.

దారి పొడవునా వాదులాటే. ఇందిరాగాంధీ వచ్చిన రోజున వర్షం పడిందని ఒకరు, కాదు మాడు పగిలే ఎండ అని మరొకరు. తనకు ఆవిడ కొంగు మాత్రం కనిపించిందని ఒకావిడ, అసలు ముందువాళ్ళ తలకాయలు తప్ప ఏమీ కనబడలేదని ఆవిడ తమ్ముడు. ఇలాంటివి ఏ ఒక్కరి మాటా ప్రమాణం కాదు. కాని పదిమందీ కూర్చుంటే ఒకరి మాటను ఇంకొకరు దిద్దుతూ ఏదో ఒక ఆకారం తేలుతుంది. ఒక కాలెండరు వెనక కాగితం మీద మా వీధి పటం గీశాం. ఏ వాటాలో ఎవరు, ఎవరింట్లో కుట్టుమిషను, ఎవరింట్లో రేడియో, కుళాయి ఎక్కడ, వేపచెట్టు ఎక్కడ అన్నీ ఎక్కించాం.

పటం మీద ఒక లోటు అందరికీ తెలుస్తూనే ఉంది. కూలీల గుడిసెల్లోని పిల్లలు అందులో లేరు. ఆ గుడిసెలు ఎక్కడుండేవో చూపించగలిగాం గాని, వాటిలో పెరిగినవాళ్ళు మా ముప్పయి మందిలో ఒక్కరూ లేరు. బడి హాజరుపట్టీలో పేరుంటే ఎప్పటికైనా వెతికి పట్టుకోవచ్చు. మస్టరు రోలులో తండ్రి పేరుంటుంది, పిల్లల పేర్లుండవు. ఒకచోట పని ముగిస్తే మరోచోటికి వెళ్ళిపోయిన కుటుంబాలవి. సాగర్‌ను కట్టినవాళ్ళ జ్ఞాపకం వాళ్ళ దగ్గర ఉన్నంతగా మా దగ్గర లేదు.

2014 జూన్ 2 తరువాత ఆ నది మళ్ళీ రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు. హిల్‌కాలనీ నల్లగొండ జిల్లాలో, తెలంగాణలో ఉంది. విజయపురి సౌత్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, 2022 నుంచి పల్నాడు జిల్లా కింద. 2018లో హిల్‌కాలనీ, పైలాన్ కాలనీలను కలిపి పురపాలక సంఘం చేసినప్పుడు దానికి నందికొండ అన్న పాత పేరే పెట్టారు. 2023 నవంబరు నెలాఖరున ఆంధ్ర పోలీసులు పదమూడో గేటు దాకా ఆనకట్టను స్వాధీనం చేసుకోవడం, తెలంగాణ పోలీసులు ఎదురుగా నిలవడం, చివరికి కేంద్ర బలగాలు రావడం మీరూ చదివే ఉంటారు. ఆ రాత్రి మా ముప్పయి మందిలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మాలో ఎడమ కాలువ కింద భూములున్నవాళ్ళున్నారు, కుడి కాలువ కింద ఉన్నవాళ్ళున్నారు. నీళ్ళ లెక్కలో మేమూ ఏకాభిప్రాయానికి రాలేదు, వస్తామని ఆశా లేదు. అయినా పటం పని ఆగలేదు.

ఇప్పుడా పని మా స్నేహితుడొకరి తల్లిగారి చేతుల్లో ఉంది. తొంభై దాటిన మనిషి. ఇంటి నంబర్లు ఆవిడకు గుర్తు లేవు. "చింతకాయ పచ్చడి ఇచ్చిన ఇల్లు, పురుడు పోసుకున్న ఇల్లు, దీపావళికి ఏడ్చిన ఇల్లు" అని చెబుతుంటే మనవరాలు రాసుకుంటోంది. సభ్యుల్లో ఎవరి పెద్దవాళ్ళయినా 1955, 1974 సంవత్సరాల మధ్య సాగర్‌లో, ఏ ఒడ్డునైనా సరే, ఏ పనిలోనైనా సరే, ఉండి ఉంటే దయచేసి వాళ్ళను అడిగి సంఘం కార్యవర్గానికి తెలపండి. పటంలో ఇంకా ఏడు వాటాలు ఖాళీగా ఉన్నాయి. గుడిసెల వైపంతా ఖాళీయే.