చోడికి దక్కిన వాటా

1926లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ వ్యవసాయ కమిషన్‌లో పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ ఒక సభ్యుడు. ఆయన సంస్థానానికీ ఉత్తరాంధ్రలోని మా కురుపాం కొండలకీ పెద్ద దూరం లేదు. అటూ ఇటూ సవర గిరిజనులే, పోడు సాగే, చోళ్ళూ (రాగులు) సామలే. అయినా లిన్‌లిత్‌గో అధ్యక్షతన 1928లో వచ్చిన ఆ నివేదికతో కొండ పంటల దశ తిరగలేదు. పరిశోధనకు సర్కారు సొమ్ము ఎంత ఇవ్వాలి, ఏటేటా కోతపడకుండా ఎలా కాపాడాలి అన్న ప్రశ్నను మాత్రం అది గట్టిగా ముందుకు తెచ్చింది.

అప్పటిదాకా డబ్బు ఎటు పోయిందో చూస్తే సంగతి తేలిపోతుంది. 1905లో బీహార్‌లోని పూసాలో పెట్టిన పరిశోధనాలయానికి హెన్రీ ఫిప్స్ అనే అమెరికన్ ధనికుడి విరాళమే పెట్టుబడి. మన వైపు అనకాపల్లిలో 1913లో చెరకు కోసం కేంద్రం వెలిసింది. పత్తి మీద 1923లో సెస్సు వేసి, ఆ రాబడిని పత్తి పరిశోధనకే కేటాయించారు. మిల్లుకో ఓడకో ఎక్కే పంటకు నిధి పుట్టింది. ఇంట్లో అంబలికి సరిపోయే చోడిని ఎవరు పట్టించుకుంటారు? పైగా ఈ ఏజెన్సీ కొండల్లో చాలా భాగానికి 1839 నుంచీ మామూలు చట్టాలే వర్తించలేదు. 1935 చట్టం కూడా వీటిని పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలుగానే ఉంచింది. సభలో గొంతు లేని చోటికి పద్దు నడిచిరాదు.

కమిషన్ 50 లక్షల రూపాయల మూలనిధి అడిగింది. సర్కారు అందులో సగం, 25 లక్షలు ఇచ్చి, పైన ఏడాదికి 7.25 లక్షలు ఇస్తామంది. అలా 1929 జూలైలో పుట్టిన ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన మండలే నేటి ఐసీఏఆర్. ఆ వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. ఏటా ఖజానా దయ మీద బతకడమంటే ఏమిటో మండలికి తెలిసొచ్చింది. 1940లో వ్యవసాయోత్పత్తుల సెస్సు చట్టం తెచ్చి, ఎగుమతుల విలువపై అర శాతం పన్ను వేసి, దాన్ని మండలికి కట్టబెట్టారు. పరిశోధనకు చట్టం గోడ కట్టిందంటే అదే. 2006లో ఆ సెస్సు రద్దయింది. ఇప్పుడు గోడ లేదు, బడ్జెట్ ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత కొన్నేళ్ళపాటు మండలి పెత్తనం ఐసీఎస్ అధికార్లదే. 1965లో ఆహార మంత్రి సి.సుబ్రహ్మణ్యం హయాంలో గోధుమ శాస్త్రవేత్త బి.పి.పాల్ తొలి డైరెక్టర్ జనరల్ అయ్యాక పగ్గాలు శాస్త్రజ్ఞుల చేతికొచ్చాయి. అంతకు ఏడాది ముందు, 1964లో, ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైంది. దశాబ్దాలపాటు చట్టసభల్లో రైతు పక్షాన నిలిచిన ఎన్.జి.రంగా పేరు దానికి తర్వాత పెట్టారు. ఆ కాలం వరిది, గోధుమది. చిరుధాన్యాల వంతు ఆలస్యంగా వచ్చింది. 1979లో మొదలైన జాతీయ వ్యవసాయ పరిశోధన ప్రాజెక్టు రాష్ట్రాన్ని వాతావరణ మండలాలుగా విడదీసి, ఎత్తయిన గిరిజన ప్రాంతాన్ని ఒక మండలంగా లెక్కించి, చింతపల్లి కేంద్రానికి దాని బాధ్యత అప్పగించింది. 1986లో చిరుధాన్యాలకు విడిగా అఖిల భారత సమన్వయ ప్రాజెక్టు ఏర్పడింది. విజయనగరం కేంద్రం అందులో భాగం.

ఆ కేంద్రంలో చోడి రకం తయారుచేయడం ఎలా ఉంటుందో చెప్పాలి. చోడి పువ్వు కంటికి ఆననంత చిన్నది. ఒకే పువ్వులో ఆడా మగా రెండూ ఉండి తనంతట తానే గింజకడుతుంది. సంకరం చేయాలంటే కంకిలోని పుప్పొడి సంచుల్ని పట్టకారుతో ఒక్కొక్కటిగా తీసేయాలి, లేదా కంకిని వేడినీళ్ళలో ముంచి పుప్పొడిని చంపాలి. నీళ్ళ వేడి కాస్త పెరిగితే కంకే పోతుంది. ఆపైన ఐదారు తరాలు వరసలు వరసలుగా నాటి, అగ్గితెగులు సోకిన మొక్కలు ఏరిపారేసి, మిగిలినవాటిని పలుచోట్ల మూడేళ్ళు పరీక్షించాలి. అంతా కలిపితే పదేళ్ళ పైమాటే. ఈ లోగా అసెంబ్లీకి రెండు మూడు ఎన్నికలు జరుగుతాయి.

శ్రీచైతన్య, వేగవతి, సువర్ణముఖి, ఇంద్రావతి ఇలా వచ్చినవే. చివరి మూడింటికి ఏరుల పేర్లు పెట్టడం నాకు నచ్చింది. రైతు ఒకసారి విత్తనం తెచ్చుకుంటే మరుసటి ఏడాది నుంచి తన చేలోని గింజే విత్తనం. ఏటా కొనే అవసరం లేనిచోట ప్రైవేటు కంపెనీకి పనేముంది? చోడికి దిక్కు సర్కారు సొమ్మే.

శాస్త్రవేత్తలు అడుగుతున్నదీ ఇదే. వ్యవసాయ స్థూల ఉత్పత్తిలో కనీసం ఒక శాతం పరిశోధనకు ఇవ్వాలని జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఎన్నాళ్ళుగానో కోరుతోంది. వాస్తవంలో ఇస్తున్నది అంతకన్నా చాలా తక్కువ. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో వ్యవసాయ పరిశోధన, విద్యకు ఇచ్చింది 10,466 కోట్లు. పరిశోధనపై పెట్టిన ప్రతి రూపాయికి 13.85 రూపాయలు తిరిగొస్తుందని ఆర్థిక సర్వే లెక్కగట్టింది. పైసలతో సహా చెప్పే ఇలాంటి లెక్కల్ని నేను కాస్త అనుమానంగానే చూస్తాను. అయినా సర్కారు తన లెక్కను తానే నమ్మకపోవడం చిత్రం. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన చిరుధాన్యాల సంవత్సరం 2023లో హైదరాబాద్ చిరుధాన్యాల సంస్థకు బడ్జెట్ ప్రసంగంలో పెద్దపీట వేశారు. సంవత్సరం గడిచింది, ప్రసంగం మారింది.

డబ్బే కాదు, నేలా పోతోంది. నంద్యాల పరిశోధన కేంద్రం భూమిని వైద్య కళాశాలకు ఇవ్వబోతే రైతులు హైకోర్టు మెట్లెక్కారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వంద ఎకరాల వ్యవసాయ విశ్వవిద్యాలయ భూమి తెలంగాణ హైకోర్టు భవనాలకు పోతుంటే విద్యార్థులు రోడ్డెక్కారు. సొమ్ముకు చట్టం హామీ ఉన్నచోటా కోత తప్పడం లేదు. అమెరికాలో 1887 హాచ్ చట్టం ప్రతి రాష్ట్రంలోని ప్రయోగ క్షేత్రానికి ఏటా 15,000 డాలర్లు హామీ ఇచ్చింది. అక్కడ కూడా 2025లో విదేశీ సాయం కోతతో విశ్వవిద్యాలయాల పంట పరిశోధనశాలలు మూతపడ్డాయి.

కురుపాంకు సొంత నియోజకవర్గం 2009 ఎన్నికలతో వచ్చింది. అంతకుముందు నాగూరు. ఇక్కడివారే అయిన వైరిచర్ల కిశోర్‌చంద్రదేవ్ అటవీ హక్కుల బిల్లుపై పార్లమెంటు సంయుక్త సంఘానికి అధ్యక్షత వహించారు. పోడు చేసుకునేవాడికి పట్టా అలా దక్కింది. పట్టా నేలలో ఏం వేయాలో చెప్పడానికి రస్తాకుంటుబాయిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కానీ ఈ కొండల నుంచి ఎన్నికైనవారు సభలో అడిగేది రోడ్డు, ఆసుపత్రి, డోలీ మోత గురించే. అడగాల్సిందే మరి, గర్భిణిని డోలీలో మోసే ఊళ్ళో విత్తన పరిశోధన ముందు గుర్తుకు రాదు. విశ్వవిద్యాలయం గ్రాంటు మాత్రం వ్యవసాయ పద్దులో ఒక వరసగా వస్తుంది. చర్చకు వ్యవధి చాలని రోజున అది కూడా మిగతా పద్దులతో కలిసి, చర్చే లేకుండా, గిలెటిన్ కింద పాసైపోతుంది.