అరచేతి నుండి రీలు దాకా

గోదావరి డెల్టాలోని చేపలను గూర్చి వ్రాయబూనిన ప్రతివాడును పులసతో ప్రారంభింపవలెనను ఆచారమొకటి మనలో స్థిరపడియున్నది. ఆ ఆచారమును నేనిచట పాటింపలేను. ఏలయన పులస వలకు చిక్కు చేపయే గాని గాలమునకు వచ్చునది కాదు, ఎర్రనీటికి ఎదురీదుచు గ్రుడ్లు పెట్టుటకు వచ్చు దినములలో దానికి మేతపై ధ్యాసయే తక్కువ. నా ప్రస్తావన గాలమును మ్రింగి, దారమును లాగికొని, పట్టినవాని బలమును పరీక్షించు పెద్దచేపలను గూర్చినది. యానాము దిగువ గౌతమి మొగలోను, అంతర్వేది కడ వశిష్ఠ మొగలోను ఉప్పునీటికిని మంచినీటికిని నడుమ సంచరించు పండుగప్ప అట్టిది. మొగ దాటి కడలిలోనికి పోయినకొలది ఎదురగు పార, కోనెం, సూర, కొమ్ముకోనెం అట్టివి. వీనిని పట్టుటకు నేడు మన తీరమున వినియోగమునకు వచ్చుచున్న స్పిన్నింగు రీళ్లు పెన్, షిమానో, డైవా ఇత్యాది నామములతో ఒకదానితో నొకటి పోటీపడుచున్నవి. ఆ పోటీ ఎట్లు పుట్టినది, ఎవరు దేనిలో గెలిచిరి అని విచారించినచో, శతాబ్దమునకు పైబడిన ఆ శ్రమ అంతయు రెండే సమస్యల చుట్టును తిరిగినదని తేలును: పరుగెత్తు చేపకు దారమును తెగకుండ ఎట్లు వదలవలెను? ఉప్పును యంత్రములోనికి రాకుండ ఎట్లు ఆపవలెను?

ఈ రెండు ప్రశ్నలకును మన పల్లెకారులు రీలు పేరైనను వినకమునుపే తమ సమాధానములు చెప్పికొనియుండిరి. భైరవపాలెము ప్రాంతమున చేతిగాలముతో వేటాడువారిని సమీపమునుండి చూచిన వారికి ఈ మాట వేరుగా నిరూపింపనక్కరలేదు. వేటగాడు చూపుడువ్రేలికిని బొటనవ్రేలికిని సైకిలు ట్యూబు ముక్కలు తొడిగికొని, దారమును మోకాళ్లముందు చుట్టలుగా పేర్చికొని కూర్చుండును. చేప ఎరను అందుకొని పరుగుతీసినపుడు వాడు దానిని ఆపడు; వ్రేళ్లనడుమ దారమును బిగించియు బిగింపక జారవిడుచుచు, రబ్బరు వేడెక్కినపుడు రెండవ చేతితో ఇన్ని నీళ్లు చల్లి, చేప అలసి తల త్రిప్పిన మరుక్షణమున మూర తరువాత మూరగా లోనికి లాగికొనును. ఎంత బిగువున వదలవలెనో చెప్పుటకు వానికి త్రాసు లేదు, కొలత లేదు. అరచేతి చర్మమే కొలత. ఒడ్డునకు చేరినపిదప దారమును మంచినీట కడిగి నీడను ఆరవేయును. పూర్వము జనుపదారమునకును నూలుదారమునకును ఈ శుశ్రూష మరింత అవసరమైయుండెను. చెట్టుబెరడు కషాయములో ఉడికింపనిచో అవి కొలదికాలములోనే కుళ్లిపోయెడివి. 1957లో కొచ్చిన్‌లో కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ వెలసినపిదప, నైలాను మన తీరమున క్రమక్రమముగా వ్యాపించి ఆ కషాయపు బానలను మూలకు నెట్టినది. దారము మారినది గాని దానిని వదలు విద్య మారలేదు.

రీలు ఈ దేశమునకు దొరలతో వచ్చినది. కాటన్ దొర పర్యవేక్షణమున 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినదే గాని, ఎగువకు ఎక్కు చేపలకు గోడయై నిలిచినది. ఇట్టి ఆనకట్టలు చేపల రాకపోకలకు కలిగించు విఘాతమును గూర్చి ఫ్రాన్సిస్ డే అను మత్స్యశాస్త్రజ్ఞుడు 1873నాటి తన నివేదికలో ప్రభుత్వమును హెచ్చరించెను. ఆ సంవత్సరముననే మద్రాసు సివిలు సర్వీసునకు చెందిన హెన్రీ సల్లివన్ థామస్, భారతదేశమున గాలపు వేటను గూర్చి ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అను గ్రంథమును మంగుళూరునుండి ప్రకటించెను. ఒకడు చేపల క్షయమును గూర్చి చింతించుట, మరియొకడు వాని వేటను గూర్చి పాఠము చెప్పుట ఒకే ఏట జరుగుట విచిత్రమే. అయినను థామసు మత్స్యసంరక్షణకును పాటుపడినవాడే యని న్యాయముగా ఒప్పుకొనవలెను. ఆ కాలపు దొరలు వాడినది ఇరుసుపై తిరుగు సాదా చక్రము. దారము విసరినపుడు చక్రమంతయు తిరుగవలెను. చక్రము దారముకన్న వేగముగా తిరిగినచో చిక్కులు పడును. ఎర తేలికదైనచో దూరము పోదు.

ఈ చిక్కును విప్పినవాడు చేపలవాడు కాడు, బట్టలమిల్లువాడు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు నగరమున ఉన్ని వస్త్రముల వ్యాపారియైన ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్, మిల్లులో కండె కదలకుండనే దాని కొననుండి నూలు జారిపోవు విధమును గమనించి, దారపుచుట్ట తిరుగనక్కరలేని రీలును రూపొందించి 1905లో పేటెంటు పొందెను. అంతకుముందు, 1884లో, స్కాట్లండునందలి పెర్తుకు చెందిన మాలక్ అనునతడు విసరునపుడు చుట్టను ప్రక్కకు త్రిప్పు ఉపాయమొకటి కనిపెట్టియుండెను గాని, అది దారమునకు మెలికలు వేసెడిది. ఇల్లింగ్‌వర్తు రీలులో చుట్ట నిలిచియుండగా దాని చుట్టును తిరుగు చేయి దారమును చుట్టును. నేటి స్పిన్నింగు రీళ్లన్నిటికిని మూలము ఇదియే.

తరువాతి ముప్పదియేండ్ల కథను శీఘ్రముగా దాటవచ్చును. హార్డీ సోదరుల సంస్థ 1932లో ఆల్టెక్సు అను రీలును వెలయించి, దారమును తనంత తానే పట్టుకొను కమ్మిని ప్రచారములోనికి తెచ్చెను. ఫ్రాన్సులో గడియారముల తయారీకి పేరొందిన క్లూజ్ పట్టణమున కార్పానో-పోన్స్ సంస్థ మిచెల్ అను రీలును నిర్మించినది. యుద్ధానంతరము గార్షియా సంస్థ దానిని అమెరికాలో ఇంటింటి వస్తువు చేసినది. అట్టివి మన దేశమునకు రాలేదా యన్నచో, వచ్చినవి మిక్కిలి అరుదు. స్వాతంత్ర్యానంతరము విదేశీ వస్తువుల దిగుమతిపై విధింపబడిన నిర్బంధములు చిరకాలము సడలనందున, వినోదార్థమైన ఇట్టి పరికరము ఓడ దిగిన నావికుని సంచిలోనో, విదేశమునుండి వచ్చిన బంధువు పెట్టెలోనో తప్ప సామాన్యునికి కనబడు వస్తువు కాదు.

అంతకాలమును పెద్దచేపల వేటగాండ్రు స్పిన్నింగు రీలును చిన్నచూపే చూచిరి. వారి విశ్వాసమంతయు చుట్ట తిరుగు గేరు రీలుపైననే. ఆ రీలులో సయితము తొలినాళ్లలో దారమును నిరోధించినది యంత్రము కాదు, బొటనవ్రేలి క్రింద బిగించిన తోలుముక్క. భైరవపాలెపు ట్యూబుముక్కయు కాలిఫోర్నియా తోలుముక్కయు ఒకే అవసరమునకు పుట్టినవి. 1913లో విలియం బోషెన్ అను వేటగాడు రీలు లోపలనే పళ్లెములతో ఒత్తిడి కలిగించు బ్రేకు అమర్చిన రీలుతో కాలిఫోర్నియా తీరమందలి కాటలీనా దీవి కడ ఖడ్గమీనమును పట్టుటతో తోలుముక్కకు కాలము చెల్లినది. ఆ బ్రేకునే నేడు డ్రాగ్ అనుచున్నారు. జర్మనీనుండి వలసవచ్చిన ఆటో హెంజ్ 1932లో ఫిలడెల్ఫియాలో స్థాపించిన పెన్ సంస్థ, సెనేటరు అను గేరు రీలుతో సాగరవేటలో పేరుగాంచి, 1961లో స్పిన్‌ఫిషరు అను పేర ఉప్పునీటి స్పిన్నింగు రీళ్లను విడుదల చేసినది. స్పిన్నింగు రీలును కడలిలోనికి ధైర్యముగా పంపినవారిలో పెన్‌కు అగ్రతాంబూలము ఈయవలసినదే. దాని రూపము మొరటు, బరువు అధికము. కాని స్క్రూడ్రైవరొకటి ఉన్నచో విప్పి, తుడిచి, మరల బిగింపవచ్చును. ఈ గుణమును పాఠకులు గుర్తుంచుకొందురుగాక.

ఇంతలో జపాను రంగప్రవేశము చేసెను. కత్తులకు ప్రసిద్ధమైన సకాయి పట్టణమున 1921లో సైకిలు ఫ్రీవీలులు చేయుటతో ఆరంభమైన షిమానో సంస్థ, 1970లో రీళ్ల తయారీకి దిగినది. సైకిలు భాగముల కొరకు అలవరచుకొన్న, లోహమును చల్లగానే అచ్చులో ఒత్తి మలచు విద్యను రీలు పండ్లచక్రములకు తెచ్చినది. డైవా సంస్థ అంతకుముందునుండియే, 1950ల నుండియే, రీళ్లు చేయుచుండెను. 2009లో దాని సంస్థానామము గ్లోబ్‌రైడ్‌గా మారినను రీలుపై డైవా పేరే నిలిచినది. ఒకరు సైకిలు పనివారు, మరియొకరు రీలు పనివారు. ఈ పుట్టుక భేదము వారి వస్తువులలో నేటికిని తెలియుచునేయున్నది. షిమానో స్టెల్లా పిడి త్రిప్పిన చేతికి లోపల చక్రములున్నట్లే తోచదు. డైవా సాల్టిగా అంత మెత్తన కాదు. కాని మూతకు బదులు వెడల్పైన మరపళ్లెము బిగించి, ఒంటిపెట్టెగా నిర్మించిన దాని దేహములో పెద్ద చక్రమునకు చోటు దొరకును, గట్టి లాగుడుకు పెట్టె వంగదు.

అయినను ఈ పోటీని నిజముగా రగిలించినది రీలు కాదు, దారము. 1990లలో పాలిఎథిలీను పోగులతో అల్లిన దారము వ్యాపించినది. నైలానులో మూడువందల గజములు పట్టు చుట్టపై, అదే బలముగల అల్లిక దారము రెండింతలకు పైగా పట్టును. పైగా అది సాగదు. నైలాను సాగి తనలో ఇముడ్చుకొన్న కుదుపంతయు ఇప్పుడు నేరుగా రీలుపై బడినది. పండ్లు అరిగినవి, ఇరుసులు వంగినవి, డ్రాగ్ పళ్లెములు మాడినవి. దీనికి తోడు మరియొక సూక్ష్మమున్నది. చేప పరుగెత్తినకొలది చుట్టపై దారము తరిగి దాని వ్యాసము తగ్గును. డ్రాగ్ బిగింపు మారకున్నను, వ్యాసము సగమైనపుడు దారముపై బిగువు రెట్టింపగును. చేతిగాలమువాడు దారము దూరము పోయినకొలది పట్టు సడలించుట ఊరక కాదు. కావున దారపు బలములో నాలుగవ వంతునకో మూడవ వంతునకో మించి డ్రాగ్ బిగింపరాదను నియమము సర్వత్ర ఏర్పడినది. అట్లే, డ్రాగ్ జారుచుండగా పిడి త్రిప్పినవాడు ప్రతి తిప్పునకును దారమునకు పలు మెలికలు వేయుచున్నాడని తెలిసికొనవలెను. చేప ఒక అంగుళమైనను దగ్గరకు రాదు.

ఇక ఉప్పు సంగతి. మొగలో పనిచేసిన పాతరీలొకదానిని విప్పినపుడు నేను చూచినది చెప్పెదను: పైకి మెరుగు చెడలేదు, లోపల ఇత్తడి చిన్నచక్రము చుట్టును గ్రీజు పచ్చబడి బంకమట్టివలె గట్టిపడియుండెను, దారము ఒరయు చిన్న కప్పీ బేరింగు పూర్తిగా బిగిసికొనిపోయి, దానిపై దారము గాడి కోసియుండెను. ఉప్పుకు తోడు గోదావరి తెచ్చు మెత్తని ఒండ్రు చేరినపుడు కలుగు హాని ఒట్టి సముద్రజలమున కలుగు హానికన్న ఘోరము. ఈ శత్రువును ఎదుర్కొనుటలో నాలుగు సంస్థలు నాలుగు దారులు త్రొక్కినవి. 1990లలో అమెరికాలో పుట్టిన వాన్ స్టాల్, దారము పట్టు కమ్మినే తొలగించి, రబ్బరు వలయములతో రీలునంతటిని మూసివైచి, నీట ముంచినను చెడని వస్తువును చేసినది. వ్రేలితో దారము పట్టుకొనవలసిన శ్రమ మాత్రము మనకే మిగిల్చినది. షిమానో రబ్బరు సీళ్లను, నీటిని వికర్షించు గ్రీజును నమ్ముకొన్నది. డైవా అయస్కాంతమునకు అంటిపెట్టుకొని నిలుచు నూనెతో సందును మూసినది. ఇట్టి అయస్కాంత ద్రవమును 1963లో నాసాలో స్టీవ్ పాపెల్ అను శాస్త్రజ్ఞుడు రాకెట్ ఇంధనము నిమిత్తము కల్పించెననగా, శూన్యము కొరకు పుట్టిన వస్తువు ఉప్పుమొగకు చేరినదన్నమాట! ఉపాయము మిక్కిలి చతురమైనదే. కాని ఆ నూనె ఇంకినపుడు దానిని సామాన్యుడు పూయజాలడు; రీలు కర్మాగారపు మనుష్యులను చేరవలెను. పెన్ తన స్లామరు రీళ్లలో రబ్బరు సీళ్లను వాడి, ఇత్తడి చక్రములను విడువక, విప్పి బిగించు సౌలభ్యమును కాపాడుకొన్నది. వింత యేమనగా, ఒకనాడు బద్ధవిరోధులైన మిచెల్, పెన్, మరియొక రీళ్ల సంస్థయైన ఆబు మూడును నేడు ప్యూర్ ఫిషింగ్ అను ఒకే సంస్థ గొడుగు క్రిందనున్నవి. పేర్లు పోటీపడుచున్నవి, లాభము ఒక పెట్టెలోనే పడుచున్నది.

మన తీరమున ఈ రీళ్లు జీవనోపాధి సాధనములు కావు. కాకినాడనుండి సూరల వేటకు పోవు పడవలవారు నేటికిని గాలపు త్రాళ్లనే, చేతిబలముననే నమ్ముకొనియున్నారు. చేప ధర పలుకునది రేవులో గాని రీలులో కాదు. రీలు పట్టినవాడు వినోదమునకు వచ్చినవాడు, వాని పోటీ చేపతో. పల్లెకారుని పోటీ డీజిలు ఖర్చుతో. కావున ఒకరి పద్ధతితో మరియొకరిని తూచుట అన్యాయము.

అయినను కొనదలచినవారు అడుగుదురు గనుక నా అభిప్రాయము చెప్పెదను. కడలిలో సూరను, పెద్దపారను వెంటాడువానికి స్టెల్లాయు సాల్టిగాయు సాటిలేనివి. వానిలో నాకు సాల్టిగా దేహమునందు నమ్మకమెక్కువ, స్టెల్లా నడకయందు ముచ్చటయెక్కువ. కాని అవి లక్ష రూపాయలకు అటునిటుగా పలుకు వస్తువులు, చెడినపుడు దూరదేశపు చేతులకై కనిపెట్టుకొనియుండవలసినవి. గౌతమి, వశిష్ఠ మొగలలో పండుగప్ప కొరకు కూర్చుండువానికి పది కిలోల డ్రాగ్ ధారాళముగా చాలును; ఉప్పు, ఒండ్రు కలిసిన ఆ నీటిలో, స్టెల్లా ధరలో నాలుగవ వంతునకే దొరకు స్లామరువంటి మొరటు రీలే మేలు. ఏది కొన్నను వేటముగిసిన సాయంకాలమే మంచినీట కడిగి, డ్రాగ్ సడలించి, నీడను ఆరవేయుడు. కొనకమునుపు మాత్రము, ఆ రీలుకు విడిభాగములు కాకినాడలోనో రాజమహేంద్రవరములోనో తెప్పించి ఇచ్చువారున్నారా యని దుకాణదారుని అడిగి తెలిసికొనుడు.