శైశవ గాయం, అనుబంధం

పుట్టిన తొలి రెండు మూడేళ్లలో తల్లికి దూరం కావడం, హింస, నిర్లక్ష్యం, సాకేవారు పదేపదే మారడం వల్ల పసిమనసుకు తగిలే దెబ్బను శైశవ గాయం అంటారు. దాని వల్ల ముందుగా దెబ్బతినేది అనుబంధం. భయమేసినా నొప్పి పుట్టినా ఒక మనిషిని నమ్మి బిడ్డ ఆమె ఒడి చేరడమే అనుబంధం. హైదరాబాద్‌లో ఈ విషయ చరిత్ర బేగంపేటకు చేరువలో, అమీర్‌పేట పక్కనున్న ప్రభుత్వ శిశువిహార్‌తో ముడిపడి ఉంది. ఆరేళ్లలోపు అనాథ, పరిత్యక్త పిల్లలను మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ అక్కడ సాకుతుంది.

భావన పరిణామం

తిండికీ శుభ్రతకూ లోటు లేకున్నా లాలించే మనిషి లేని అనాథాశ్రమ శిశువులు చిక్కిశల్యమవుతారని 1945లో మనోవిశ్లేషకుడు రెనె స్పిట్జ్ చూపించారు. 1951లో మనోవైద్యుడు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిన నివేదిక ఈ సంగతిని ప్రభుత్వాల ముందుంచింది. ఉగాండాలో, ఆపై బాల్టిమోర్‌లో తల్లీబిడ్డలను గమనించిన మనస్తత్వవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్, 1978 నాటి గ్రంథంలో అనుబంధ రకాలను వర్గీకరించారు. 1980లో అమెరికా మనోవైద్యుల రుగ్మతల పట్టికలో అనుబంధ రుగ్మత చేరింది. 2013లో దాన్ని రెండుగా విడదీశారు.

లక్షణాలు

మొదటి రకం రుగ్మతలో బిడ్డ కిందపడి మోకాలు చెక్కుకుపోయినా ఎవరి దగ్గరికీ వెళ్లదు, ఎత్తుకుంటే బిగుసుకుపోతుంది. రెండో రకంలో ముక్కూమొహం తెలియనివారు వచ్చినా కాళ్లకు చుట్టుకుని, ఎత్తుకోమని చేతులు చాస్తుంది. చూసేవారు కలుపుగోలు పిల్ల అని మురిసిపోతారు. నిజానికి తనవారెవరో, పరాయివారెవరో ఆ పిల్లకు తెలియదు. ఈ రుగ్మతలు అరుదు. అంతవరకు వెళ్లని పిల్లల్లోనూ మొండితనం, ఉలికిపాటు, తిండి దాచుకోవడం, నిద్రపట్టకపోవడం కనిపించవచ్చు.

హైదరాబాద్ అనుభవం

నల్లగొండ వంటి జిల్లాల తండాల్లో పేద లంబాడా కుటుంబాల ఆడశిశువులను దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని, విదేశీ దత్తతకు చేరవేస్తున్నారని 1999లోనూ, 2001లోనూ బయటపడింది. సామాజిక కార్యకర్త గీతా రామస్వామి వంటివారు దీనిపై పోరాడారు. పేదరికం, ఆడపిల్ల కావడం వంటి కారణాలతో బిడ్డను దత్తతకు అప్పగించడాన్ని 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అమ్మకాలను ఆపడం న్యాయమే. కానీ వాటిపై కేసులు నడిచినంతకాలం పలువురు పసివాళ్లు శిశువిహార్ వంటి హోముల్లోనే ఉండిపోయారు. అనుబంధం కుదురుకోవలసిన ప్రాయం అక్కడే గడిచిపోయింది.

చట్టం, కోలుకోవడం

రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనంలో 136 మంది అనాథాశ్రమ శిశువుల్లో సగం మందిని పెంపక కుటుంబాలకు అప్పగించారు. రెండేళ్లు నిండకముందే ఇల్లు దొరికినవారిలో అనుబంధం ఎక్కువగా కోలుకుంది. మన 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం రెండేళ్లలోపు బిడ్డను రెండు నెలల్లో, అంతకు పైబడిన బిడ్డను నాలుగు నెలల్లో దత్తతకు అర్హులుగా ప్రకటించాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులిచ్చే అధికారం కోర్టుల నుంచి కలెక్టర్లకు మారింది.

ఇల్లు దొరికిన బిడ్డకైనా నమ్మకం కుదరడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అదే మనిషి, అదే వేళకు అన్నం, అదే పక్క, ఏడ్చిన ప్రతిసారీ పలికే గొంతు ఉంటే గాయం చాలావరకు మానుతుంది. హోములోనూ ఒక్కో బిడ్డను వీలైనంతవరకు ఒకే ఆయా చూసుకోవాలి. గడువు దాటిన ప్రతి ఫైలు వెనుకా ఒక పసిబిడ్డ బాల్యం కరిగిపోతోందని అధికారులు మరవకూడదు.