పాటతో పాటు ఇంటిలో ప్రవేశించిన కావలివాడు

2005వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన మార్క్ రసినోవిచ్ అను అమెరికా కంప్యూటరు నిపుణుడు ఒక వింత సంగతిని లోకమునకు వెల్లడించినాడు. యజమానికి కనబడకుండ కంప్యూటరులో దాగియుండు ప్రోగ్రాములను పట్టుటకు ఆయన ఒక సాధనమును తయారుచేసినాడు. దానిని తన సొంత కంప్యూటరు మీద ప్రయోగించి చూడగా, అందులోనే ఎవరో అపరిచితులు కాపురమున్నట్లు తేలినది. జాడ తీయగా తీయగా అది దొంగల పని కాదని, తాను డబ్బిచ్చి కొన్న పాటల సీడీ వెంట వచ్చినదని బయటపడినది. ఆ సీడీని విక్రయించినది సోనీ బీఎంజీ అను ప్రసిద్ధ సంగీత కంపెనీ.

పాటలమ్ముకొను కంపెనీకి శ్రోత కంప్యూటరులో దొంగచాటుగా దూరవలసిన అవసరమేమి? ఇది తెలియవలెనన్నచో సీడీ పుట్టుక దాకా పోవలెను.

సీడీని ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి రూపొందించినవి. 1982లో అది అంగడికి వచ్చినది. దానిలో శబ్దము అంకెల రూపములో ఉండును. శబ్దతరంగమును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాయుదురు. కుడి ఎడమ ధ్వనులకు వేరువేరు కొలతలు గనుక సెకనుకు 14,11,200 బిట్లు కావలెను. మూడు నిమిషముల పాటకు ఎన్ని కావలెనో విద్యార్థులు గుణించి చూచుకొనవచ్చును. 25 కోట్లు దాటును. ఏ కంపెనీ సీడీ అయినను ఏ యంత్రములోనైనను మ్రోగవలెనన్న ఉద్దేశముతో ఈ అంకెలను దాపరికము లేకుండ, తాళము వేయకుండ వ్రాసినారు. ఆనాడు ఇండ్లలోనున్న కంప్యూటర్లకు ఇన్ని అంకెలను నిలువచేయు శక్తి లేదు గనుక భయపడవలసినది కూడ లేకుండెను.

ఈ స్థితిని మార్చినది జర్మనీలో జరిగిన పరిశోధన. ఎర్లాంగెన్ నగరమునందలి ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్‌ట్స్ బ్రాండెన్‌బుర్గ్ మొదలైనవారు మానవుని చెవిలోని ఒక లోపమును ఆధారముగా గొనిరి. పెండ్లిపందిరిలో డోలు మ్రోగుచున్నప్పుడు ప్రక్కవాని గుసగుస మనకు వినబడదు. అట్లే పాటలో పెద్ద ధ్వని చాటున మరుగుపడు చిన్న ధ్వనులను వదలివేసినను చెవి పసిగట్టజాలదు. ఈ పద్ధతిచే పాట పరిమాణము దాదాపు పదకొండవ వంతుకు తగ్గినది. దీనికే ఎంపీ3 అని పేరు. సెకనుకు 56,000 బిట్లు మోయగల టెలిఫోను తీగపై సీడీలోని మూడు నిమిషముల పాటను యథాతథముగా పంపుటకు గంటంబావు పట్టును. ఎంపీ3గా మార్చినచో ఏడు నిమిషములు చాలును.

1999 జూనులో షాన్ ఫానింగ్ అను పదునెనిమిదేండ్ల అమెరికా విద్యార్థి నాప్‌స్టర్ అను ప్రోగ్రామును ప్రవేశపెట్టినాడు. ఎవరి కంప్యూటరులో ఏ పాట ఉన్నదో దాని ద్వారా అందరికిని తెలిసెడిది. కోరినవారు కోరిన పాటను నేరుగా తెచ్చుకొనెడివారు. పాడినవారికి గాని, వ్రాసినవారికి గాని దీనివలన కాసు ముట్టలేదు. సంగీత కంపెనీల సంఘము ఆ డిసెంబరులోనే దావా వేసినది. 2001 జూలైలో నాప్‌స్టర్ మూతపడినది. అటువంటివే మరికొన్ని పుట్టినవి. కంపెనీల ఆక్రోశమునకు న్యాయమైన కారణము లేకపోలేదు. అయితే వారు త్రొక్కిన దారులు రానురాను విపరీతములైనవి.

1998లో వచ్చిన డిజిటల్ మిలీనియం కాపీరైటు చట్టములో కంపెనీలకు అనుకూలమైన వెసులుబాటు ఒకటి కలదు. న్యాయమూర్తి పరిశీలన లేకుండగనే, కోర్టు గుమాస్తా ఇచ్చు ఉత్తరువుతో ఇంటర్నెట్టు చందాదారుని పేరు, చిరునామా రాబట్టవచ్చునని సంఘము వాదించినది. వెరిజాన్ అను టెలిఫోను కంపెనీ అందులకు అంగీకరింపక పోరాడినది. చివరకు 2003 డిసెంబరులో అప్పీలు కోర్టు వెరిజాన్ పక్షముననే తీర్పు చెప్పినది. ఈ లోపల, సెప్టెంబరులో, సంఘము ఒక్కమారుగా 261 మందిపై దావాలు వేసినది. వారిలో న్యూయార్కునందలి పన్నెండేండ్ల బాలిక ఒకతె. ఆమె తల్లి 2,000 డాలర్లు చెల్లించి రాజీ పడినది. పాటలు పంచుకొనువారి వ్యవస్థలను కాపీరైటు యజమానులే చెడగొట్టవచ్చునని అనుమతించు బిల్లును హోవర్డ్ బెర్మన్ అను సభ్యుడు 2002లో అమెరికా ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టినాడు. అది చట్టము కాలేదు. అపరాధుల కంప్యూటర్లను దూరమునుండియే ధ్వంసము చేయు ఉపాయమును గురించి ఆరిన్ హాచ్ అను సెనేటరు 2003లో సభాముఖమున మాట్లాడినాడు. దొంగను పట్టుటకు ఇల్లు తగులబెట్టుట అనగా ఇదియే.

ఇక తాళము సంగతి. కొత్త సీడీలు పాత యంత్రములలో కూడ మ్రోగవలెను. కనుక పాటల అంకెలను రహస్యలిపిలోనికి మార్చుటకు వీలు లేదు. కంప్యూటరు మాత్రము వాటిని చదువరాదు. ఒకే పళ్ళెము ఒకచోట తెరచియు, మరొకచోట మూసియు ఉండవలెనన్నమాట. తాళమును సీడీకి వేయుట సాధ్యము కానప్పుడు, కంప్యూటరుకే వేయవలెను. సీడీలో పాటలతో పాటు ఒక ప్రోగ్రామును చేర్చినారు. ఆనాడు సీడీ పెట్టగనే విండోస్ వ్యవస్థ దానిని తనంత తాను నడిపెడిది. ఆ పిమ్మట ఆ ప్రోగ్రాము కంప్యూటరులోనే నిలిచిపోయి కావలి కాయును.

కాని కంప్యూటరు ఎవరిది? శ్రోతది. తనకు అడ్డు వచ్చు ప్రోగ్రామును యజమాని తీసివేయగలడు. ఆయన తీసివేయకుండవలెనన్నచో ఆయనకు కనబడకుండవలెను. ఫస్ట్ ఫోర్ ఇంటర్నెట్ అను బ్రిటిషు కంపెనీ తయారుచేసిన ఎక్స్‌సీపీ అను ప్రోగ్రాము చేసినది ఇదియే. సోనీ బీఎంజీ దానిని 52 ఆల్బముల సీడీలలో చేర్చినది. అవి అమ్ముడుపోయినవి ఇరువది లక్షలకు పైగా.

అది దాగిన తీరు ఇట్లుండెను. తరగతిలో ఎవరెవరున్నారో ఉపాధ్యాయుడు నాయకుని అడిగినాడనుకొందము. నాయకుడు జాబితా చదువును. ఎవరో ఆ నాయకుని లోబరచుకొని, ఫలానా అక్షరముతో మొదలగు పేర్లను చదువవద్దని చెప్పినచో ఆ పిల్లలు తరగతిలో ఉండియు లేనట్లే. కంప్యూటరులో ఏయే ఫైళ్ళున్నవో మనకు చదివి వినిపించు నాయకుడు విండోస్ వ్యవస్థ. ఎక్స్‌సీపీ ఆ వ్యవస్థ మూలములో చొరబడి, డాలరు గుర్తు, 'సిస్' అను అక్షరములు, మరల డాలరు గుర్తు - వీటితో మొదలగు పేరుగల దేనినైనను చెప్పకుండ నోరు మూయించినది. ఇట్టి కపటోపాయమును రూట్‌కిట్ అందురు. అంతవరకు అది చొరబాటుదారుల విద్య. రసినోవిచ్ సాధనము నాయకుని మాట నమ్మక తానే తలలు లెక్కించినది. అనగా డిస్కును నేరుగా చదివి, వ్యవస్థ చెప్పిన జాబితాతో పోల్చినది. లెక్క తప్పినది.

ఇందులో మరొక ప్రమాదము కలదు. లోబడిన నాయకుడు సోనీ పిల్లలనే గాక, ఆ అక్షరములతో పేరు పెట్టుకొన్న ఎవరినైనను దాచును. పది దినములు గడచునంతలో ఆ పేరు చాటున దాగు వైరసులు బయలుదేరినవి. పైగా పాటలు లేనప్పుడు కూడ ఈ కావలివాడు రెండు సెకనులకొకమారు నడుచుచున్న ప్రోగ్రాములన్నింటిని తనిఖీ చేయుచుండెను. సీడీతో వచ్చిన పాటలు వినిపించు ప్రోగ్రాము ఏ ఆల్బము వినుచున్నారో తెలుపు గుర్తును ఇంటర్నెట్టు ద్వారా కంపెనీకి పంపుచుండెను. తెరమీద చూపిన ఒప్పందపత్రములో దాగుడుమూతల ప్రసక్తియే లేదు. దాచిన ఫైళ్ళను రసినోవిచ్ బలవంతముగా తొలగింపగా ఆయన కంప్యూటరులోని సీడీ యంత్రము పనిచేయుట మానినది.

రూట్‌కిట్ అనగానేమో చాలామందికి తెలియదు గనుక వారికి దానితో పనియేమని కంపెనీ అధికారి ఒకరు రేడియోలో అన్నారు. ఈ మాటతో జనాగ్రహము రెట్టించినది. తొలగించు ప్రోగ్రామును కంపెనీ అందజేసినది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునందలి ఎడ్వర్డ్ ఫెల్టెన్, ఆయన శిష్యుడు అలెక్స్ హాల్డర్మన్ దానిని పరీక్షించి, అది కంప్యూటరులో మొదటి దానికన్న పెద్ద కన్నము మిగిల్చి పోవుచున్నదని చూపినారు. ఏ వెబ్‌సైటువాడైనను ఆ కన్నము గుండా తన ప్రోగ్రామును లోనికి పంపవచ్చును. నవంబరు నడిమికి సీడీలను వాపసు తీసికొనక తప్పలేదు. ఎక్స్‌సీపీలోనే ఇతరులు వ్రాసి, షరతులతో లోకమునకు ఉచితముగా ఇచ్చిన ప్రోగ్రాముల భాగములు ఆ షరతులు పాటింపకుండ చేర్చబడినట్లు కూడ బయటపడినది. కాపీరైటును కాపాడుటకు పుట్టిన ప్రోగ్రాము కథ ఇది!

నవంబరు 21న టెక్సాస్ రాష్ట్రము దావా వేసినది. తరువాతి సంవత్సరము డిసెంబరులో కాలిఫోర్నియా, టెక్సాస్ రాష్ట్రములకు చెరి ఏడున్నర లక్షల డాలర్లు చెల్లించుటకు కంపెనీ ఒప్పుకొన్నది. 2007 జనవరిలో కుదిరిన మరొక రాజీ ప్రకారము, కంప్యూటరు చెడినవారికి 150 డాలర్ల వరకు పరిహారము.

అయితే అన్నింటికన్న ఆలోచింపదగినది ప్రిన్స్‌టన్ వారి అనుభవము. రసినోవిచ్ ప్రకటనకు సుమారు నెల ముందే వారు ఈ సీడీలలోని దోషమును కనుగొనియుండిరి. ప్రకటింపలేదు. 1998 చట్టము ప్రకారము తాళమును విప్పి చూచుటయే నేరమగునేమో అని న్యాయవాదులను సంప్రదించుచుండిరి. ఇది వట్టి భయము కాదు. 2001లో ఫెల్టెన్ బృందము సంగీత కంపెనీల ధ్వనిముద్రలను గురించి వ్రాసిన వ్యాసమును చదువబోగా బెదిరింపు లేఖ వచ్చి, సభనుండి దానిని ఉపసంహరించుకొనవలసి వచ్చినది. 2003లో మీడియామాక్స్ అను తాళమున్న సీడీని పెట్టునప్పుడు కీబోర్డు మీది షిఫ్ట్ మీటను నొక్కి పట్టినచో తాళము పనిచేయదని హాల్డర్మన్ వ్రాయగా, దాని తయారీదారులు కోటి డాలర్ల దావా వేసెదమని హెచ్చరించి తరువాత మానుకొన్నారు. ఒక మీట నొక్కుటకు కోటి డాలర్లు!

ఫెల్టెన్, హాల్డర్మన్ తమకు కలిగిన ఇబ్బందిని అమెరికా కాపీరైటు కార్యాలయమునకు విన్నవించినారు. 2006 నవంబరులో, సీడీల తాళములందలి రక్షణ దోషములను సద్బుద్ధితో పరీక్షించువారికి ఆ చట్టమునుండి మినహాయింపు లభించినది. 2007 ఏప్రిలులో ఈఎంఐ అను కంపెనీ ఇంటర్నెట్టులో తాళము లేని పాటలను అమ్ముదునని ప్రకటించినది. నాలుగు పెద్ద కంపెనీలలో చిట్టచివరిదిగా, 2008 జనవరిలో, సోనీ బీఎంజీ కూడ ఎంపీ3 పాటలను తాళము లేకుండ అమెజాన్ అంగడిలో అమ్మకమునకు పెట్టినది.